జిడ్డు లేని స్నేహాలు

“ముప్ఫై దాటాక కొత్త స్నేహాలు కుదరవండీ. స్నేహమంటే చిన్నప్పటిదే.” ఈమధ్య నేను ఇన్నిసార్లు విన్న మాట ఇంకోటి లేదు. పెళ్ళి భోజనాల దగ్గర, పుస్తకావిష్కరణ అయ్యాక టీ దగ్గర, ఆఫీసు క్యాబులో, పార్కులో పొద్దున్నే నడిచేవాళ్ళ మధ్య, ఎక్కడైనా సరే, నలభై యాభై ఏళ్ళవాళ్ళు ఇద్దరు పది నిమిషాలు మాట్లాడుకుంటే ఈ మాట వచ్చి తీరుతుంది. చెప్పేవాళ్ళు దీన్నొక శరీరధర్మంలా చెబుతారు. నలభైకి చత్వారం వచ్చినట్టు, స్నేహం చేసే శక్తి కూడా ఓ వయసుకి ఉడిగిపోతుందన్నమాట. వినేవాళ్ళు “నిజమేనండీ” అని నిట్టూరుస్తారు. ఆపైన ఇద్దరూ ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుని, “ఓసారి తప్పకుండా కలుద్దాం” అనుకుని, ఎవరి దారిన వాళ్ళు పోతారు. మళ్ళీ కలవరు.

ఈ మాట అబద్ధమని చెప్పడానికే ఇది రాస్తున్నాను. పెద్దయ్యాక పరిచయాలు స్నేహాలుగా మారకపోవడానికి వయసు కారణం కాదు. ఎవరికీ ఏ విషయంలోనూ బాకీ పడకూడదు, ఎవరినీ ఏదీ అడగకూడదు అని మనం పెట్టుకున్న నియమం కారణం. ఆ నియమానికి మనం మర్యాద అని పేరు పెట్టుకున్నాం, కొత్తగా ‘స్పేస్’ అని కూడా అంటున్నాం. పేరేదైనా అది చేస్తున్న పని ఒకటే: ముఖపరిచయాన్ని ముఖం దగ్గరే ఆపేయడం.

స్నేహం అనే మాటకి సంస్కృతంలో నూనె, చమురు అని కూడా అర్థం ఉంది. ఆయుర్వేదంలో స్నేహనం అంటే ఒంటికి నూనె పట్టించడం, నెయ్యి తాగించడం. అంటే అంటుకునేది, ఓ పట్టాన వదలనిది. మనం ఆ మాటలోంచి జిడ్డు తీసేసి, ఆ జిడ్డుని తిట్టుగా మార్చుకున్నాం. చెప్పకుండా ఇంటికొచ్చేవాడు జిడ్డు. మెసేజ్ పెట్టి అడక్కుండా నేరుగా ఫోన్ చేసేవాడు జిడ్డు. పది నిమిషాలని వచ్చి రెండు గంటలు కూర్చునేవాడు జిడ్డు. సాయం అడిగేవాడైతే చెప్పనే అక్కర్లేదు. వీళ్ళందర్నీ ఒక్కొక్కరినే వదిలించుకుని, ఇప్పుడు శుభ్రంగా కడిగిన చేతులతో కూర్చుని “ఎవరూ దగ్గరవాళ్ళు లేరండీ” అంటున్నాం.

* * *

ముందు ఈ చిన్ననాటి స్నేహం సంగతి తేల్చుకుందాం. చిన్నప్పటి స్నేహమే గొప్పదయితే ద్రోణుడికి ద్రుపదుడు ఓ ఆవునైనా ఇచ్చి ఉండేవాడు. ఒకే గురువు దగ్గర కలిసి చదువుకున్నవాళ్ళు. పెద్దయ్యాక ఒకడు రాజు, ఒకడు కొడుక్కి పాలు పోయలేని పేద. రాజుకీ పేదకీ స్నేహమేమిటని ద్రుపదుడు తేల్చి చెప్పాడు. ఆ ఒక్క అవమానం కురుక్షేత్రం దాకా పోయింది. మరోవైపు రాముడూ సుగ్రీవుడూ చూడండి. ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి, ఇద్దరూ రాజ్యాలు పోగొట్టుకున్నారు, ఇద్దరి భార్యలూ ఎత్తుకుపోబడ్డారు. అంతకుముందు ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు. మధ్యలో హనుమంతుడు పరిచయం చేసి, నిప్పు రాజేసి, అగ్నిసాక్షిగా స్నేహం చేయించాడు. నాకిది కావాలి, నీకది కావాలి అని ఇద్దరూ మొహమాటం లేకుండా చెప్పుకున్నారు. పని అయ్యాక సుగ్రీవుడు వానాకాలమంతా సుఖాల్లో పడి మాట మరిచిపోయాడు. అప్పుడు రాముడు “పాపం బిజీగా ఉన్నాడేమో, డిస్టర్బ్ చేయడమెందుకు” అనుకోలేదు. లక్ష్మణుణ్ణి పంపించాడు. లక్ష్మణుడు కిష్కింధ అదిరిపోయేలా కోప్పడ్డాడు, తార సర్దిచెప్పింది, సుగ్రీవుడు సిగ్గుపడి వానరుల్ని నాలుగు దిక్కులకీ పంపాడు. అడగడం, మరవడం, కోప్పడటం, సర్దుకోవడం. ఇంత జిడ్డు ఉంది కాబట్టే అది స్నేహమైంది.

దీనికి జవాబుగా బాపు రమణల పేరు చెబుతారని నాకు తెలుసు. మద్రాసులో స్కూలు రోజుల్లో మొదలై కడదాకా నిలిచిన స్నేహం, నిజమే. కానీ ఆ స్నేహాన్ని నిలబెట్టింది స్కూలు జ్ఞాపకాలా? బుడుగు మాటలు ఒకరివి, బొమ్మలు ఒకరివి. 1967 నాటి ‘సాక్షి’ నుంచి రమణగారు పోయిన ఏడాదే, 2011లో, విడుదలైన ‘శ్రీరామరాజ్యం’ దాకా కలిసి పనిచేశారు. రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో ఉన్నాయి. వాళ్ళ స్నేహం చిన్నప్పుడు పుట్టింది కానీ, దాన్ని పెంచి పోషించింది ఇద్దరు పెద్దమనుషుల రోజువారీ చాకిరీ. ఆ రెండో భాగాన్ని వదిలేసి మొదటి భాగాన్ని మాత్రం మనం పండగలా చేసుకుంటాం.

ఆ పండగ పేరు పదో తరగతి బ్యాచ్ గెట్ టుగెదర్. ఒకే రంగు టీషర్టులు, పాత మాస్టార్లకి శాలువాలు, డ్రోనుతో వీడియో. ఆ రోజు ఆనందాన్ని నేను ఎగతాళి చేయడం లేదు, అది నిజమైనదే. కానీ ఆ తర్వాత గ్రూపులో మిగిలేవి గుడ్ మార్నింగ్ పూలు, పుట్టినరోజు కేకు బొమ్మలు, ఎన్నికలప్పుడు ఒకరిద్దరు అలిగి వెళ్ళిపోవడం. ఎప్పుడో జమచేసిన అసలు మీద వడ్డీ తింటున్నాం, కొత్తగా పైసా వేయడం లేదు.

ఆ అసలు అప్పుడెలా జమ అయింది? పిల్లల మనసు స్వచ్ఛమైనదని కవిత్వం చెప్పకండి. పిల్లల్లో ఉండే క్రూరత్వం బడికి వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు. అక్కడ జరిగింది వేరు. రోజుకి ఆరుగంటలు ఒకే బెంచీ. రబ్బరు అడిగి తీసుకోవడం, ఇవ్వకుండా ఎగ్గొట్టడం, హోంవర్కు చూసి రాసుకోవడం, కటీఫ్ చెప్పడం, మర్నాటికి మళ్ళీ కలిసిపోవడం. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు 2018లో ఓ లెక్క ప్రచురించాడు. కొత్త ఊరికి మారిన పెద్దవాళ్ళనీ, కాలేజీలో కొత్తగా చేరిన విద్యార్థులనీ అడిగి కట్టిన లెక్క అది. పరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు, స్నేహితుడు అనిపించుకోవడానికి 90 గంటలు, దగ్గరి స్నేహం కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలట. అంకెల్ని మరీ వేదంలా పట్టుకోనక్కర్లేదు గానీ, కూడికలు చేసి చూడండి. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పిల్లలకి ఆ 200 గంటలు ముప్ఫై నాలుగు రోజుల్లో అయిపోతాయి. నెలకోసారి గంటసేపు కాఫీ తాగే ఇద్దరు పెద్దవాళ్ళకి పదహారేళ్ళు దాటుతుంది. వారానికి రెండు గంటలు ఇస్తే రెండేళ్ళు చాలు. వయసు మీద నెపం వేసేవాళ్ళు ముందు ఈ లెక్కకి జవాబు చెప్పాలి. పదహారేళ్ళు పట్టే పద్ధతిని ఎంచుకుని, రెండేళ్ళయినా ఏమీ కాలేదని పెదవి విరుస్తున్నాం.

* * *

గంటలు మాత్రమే చాలవని ఒప్పుకుంటాను. చాలేటట్టయితే లిఫ్టులో రోజూ కనబడేవాళ్ళందరం ఈపాటికి ప్రాణమిత్రులం కావాలి.

మా కింది అంతస్తులో ఒకాయన ఉంటారు. నాలుగేళ్ళపాటు మా పరిచయం లిఫ్టులోనే. “బాగున్నారా?” “ఆఁ, మీరు?” అంతే. ఒక రాత్రి రెండింటికి మా నాన్న బాత్రూములో పడిపోతే వెళ్ళి ఆయన తలుపు కొట్టాను. లుంగీతోనే వచ్చారు, కారు తీశారు, తెల్లారేదాకా ఆస్పత్రి బెంచీ మీద నా పక్కనే కూర్చున్నారు. ఇక్కడితో ఆపితే ఇది వాట్సాప్‌లో తిరిగే నీతికథ అవుతుంది. అసలు సంగతి తర్వాతది. ఆ రాత్రి తర్వాత మేం స్నేహితులం కాలేదు, ఇంకాస్త దూరమయ్యాం. “దేవుడిలా వచ్చారండీ” అని మా ఇంటిల్లిపాదీ ఆయనతో అన్నాం. దేవుడితో కబుర్లెవరు చెబుతారు? కనబడితే దండం పెడతారు. స్వీట్ బాక్సూ పళ్ళూ పట్టుకెళ్ళి ఇచ్చొచ్చాం. ఆయనకీ ఇబ్బందిగా ఉండి మేం కనబడితే గబగబా వెళ్ళిపోయేవారు.

మూడు నెలల తర్వాత ఆయనే బెల్లు కొట్టారు. ఊళ్ళో తాతల నాటి ఇంట్లో తన వాటా అన్నగారికి రాసిచ్చేస్తున్నారట, రిజిస్ట్రేషన్‌కి సాక్షి సంతకం కావాలి, “మీకు ఇబ్బంది లేకపోతేనే” అన్నారు. వెళ్ళాం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్వర్ డౌన్. పొద్దున్న పదింటికి వెళ్ళినవాళ్ళం సాయంత్రం అయిదున్నర దాకా వేపచెట్టు కింద కూర్చున్నాం. మిర్చిబజ్జీలు తిన్నాం. రాజకీయాల మీద గట్టిగానే దెబ్బలాడుకున్నాం. ఆ ఇల్లు వదులుకోవడం ఆయనకెంత కష్టంగా ఉందో చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు కారులో ముందు ఎవరన్నామో గుర్తులేదు గానీ, ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. ఆయన నాకు చేసిన సాయం మమ్మల్ని కలపలేదు. నన్ను ఆయన సాయం అడగటం కలిపింది.

ఇదేమీ నేను కనిపెట్టిన సంగతి కాదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. పెన్సిల్వేనియా శాసనసభలో తనకి అడ్డుపడిన ఓ సభ్యుణ్ణి మంచి చేసుకోవడానికి అతనికేమీ ఇవ్వలేదు. మీ దగ్గర ఫలానా అరుదైన పుస్తకం ఉందట, కొన్నాళ్ళు చదువుకోవడానికి ఇస్తారా అని అడిగాడు. వారంలో తిరిగి ఇచ్చేశాడు. ఆ తర్వాత ఆ మనిషి పోయేదాకా ఇద్దరూ స్నేహితులే.

మన భాషకి ఇది ఇంకా ముందే తెలుసు. బంధానికి మనం పెట్టుకున్న ఒక పేరు ఋణానుబంధం. ఎవరైనా దూరమైనా, పోయినా, “వాళ్ళతో మనకి ఋణం తీరిపోయింది” అంటాం. అంటే బాకీ ఉన్నంతకాలమే బంధం. అందుకే సాయం అందుకున్న మర్నాడే స్వీట్ బాక్సు పట్టుకెళ్ళేవాళ్ళు కృతజ్ఞత చూపిస్తున్నామనుకుంటారు గానీ, నిజానికి ఖాతా మూసేస్తున్నారు.

బాకీ అంటే మనకి ఇంత భయమెందుకు? కలిసి ఉప్పు తిననిదే ఒకరికొకరు తెలియరనే సామెతని అరిస్టాటిల్ స్నేహం గురించి రాస్తూ ప్రస్తావిస్తాడు. అక్కడ ఉప్పు ఇద్దరిదీ. మన దగ్గర ‘ఉప్పు తిన్నవాడు’ అంటే యజమానికి విశ్వాసంగా పడి ఉండాల్సినవాడు. తీసుకోవడమంటే తగ్గడం అని మనకి తరతరాలుగా తెలుసు. ఇచ్చేవాడు పైమెట్టు మీద, పుచ్చుకునేవాడు కిందిమెట్టు మీద. సమానుల మధ్య కూడా బాకీ ఉండొచ్చనీ, అది అటూ ఇటూ నడుస్తూ ఎప్పటికీ తీరకపోవడమే స్నేహమనీ మనకి అలవాటు కాలేదు. చేబదులు అనే చక్కటి మాట మన దగ్గరే ఉంది. పత్రం లేదు, వడ్డీ లేదు, చేతిలోంచి చేతిలోకి. ఇప్పుడు చేబదులు అడగటం నామోషీ, యాప్‌లో అప్పు తీసుకోవడం గౌరవం.

* * *

తోడు అనే మాట చూడండి. వెంట ఉండే మనిషీ తోడే, పాలని పెరుగు చేసే చెంచాడు పెరుగూ తోడే. మా అమ్మకీ పక్కింటావిడకీ ఉన్న నలభై ఏళ్ళ స్నేహం ఓ రాత్రి గిన్నె పట్టుకుని “కాస్త తోడుంటే ఇస్తారా” అని అడగటంతోనే మొదలైంది. ఈ కాలంలో పది నిమిషాల్లో పెరుగు ప్యాకెట్టు గుమ్మం ముందుకొస్తుంది. తెల్లవారుజామున సికింద్రాబాద్ స్టేషన్‌కి దింపడానికి ఎవరినీ లేపక్కర్లేదు, ర్యాపిడో ఉంది. మేకు కొట్టడానికి సుత్తి అడగక్కర్లేదు, మనిషే వస్తాడు. ఆ కంపెనీల తప్పేమీ లేదు, నేనూ వాడతాను. కానీ ఒకప్పుడు అవసరాలు మనల్ని బలవంతంగా ఒకరి గుమ్మంలోకి ఒకర్ని నెట్టేవి. ఇప్పుడు నెట్టేది ఏదీ లేదు కాబట్టి మనంతట మనమే వెళ్ళాలి. మనం వెళ్ళడం లేదు.

ఇలా అంటే పాతరోజులే మంచివని పాడుతున్నాననుకుంటారేమో. కాదు. మా అమ్మ అడిగిన తోడు అన్ని గుమ్మాలూ దాటలేదు. దాటని గుమ్మాలు ఏవో, ఎందుకో ఈ వ్యాసం చదివేవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. శ్రావణమాసం పేరంటాలకి పిలుపు వెళ్ళే ఇళ్ళూ, వెళ్ళని ఇళ్ళూ ఒకే వీధిలో ఉండేవి. ఇవాళ “మీరేమిట్లు?” అని మొహం మీద అడగటం తగ్గింది, ఇంటిపేరు, సొంతూరు అడిగి తెలుసుకోవడం వచ్చింది. ‘మనవాళ్ళే’ అని తేలితే రెండో రోజుకే వదినా మరదళ్ళు, బావా బావమరుదులు అయిపోతాం. తేలకపోతే జీవితాంతం ‘గారు’ దగ్గరే ఉంటాం. విదేశాల్లో ఒకే ఊళ్ళో రెండేసి తెలుగు సంఘాలు ఎందుకుంటాయో అందరికీ తెలుసు. పెద్దయ్యాక స్నేహాలు కుదరవనేవాళ్ళని నేను అడిగేదిదే: కుదరనిది స్నేహమా, లేక జల్లెడ పట్టాక మిగిలే మనుషుల సంఖ్యా? బాల్యంలో బెంచీ మీద పక్కన ఎవరు కూర్చోవాలో మాస్టారు నిర్ణయించాడు. ఇప్పుడు మనం నిర్ణయిస్తున్నాం. తేడా అక్కడుంది.

ఆడవాళ్ళ విషయంలో ఈ అబద్ధం ఇంకా అన్యాయమైంది. పెళ్ళితో ఊరు మారుతుంది, ఇంటిపేరు మారుతుంది, చిన్నప్పటి స్నేహితురాలి ఫోన్ నంబరు కూడా మారుతుంది. ఆ తర్వాత ఆమెకి దొరికేది భర్త స్నేహితుల భార్యలు. “నీకు ఫ్రెండ్స్‌తో ఏం పని?” అనే ఇంట్లో ఉంటూ 200 గంటలు ఎక్కడినుంచి తెస్తుంది? చిన్ననాటి స్నేహమే స్నేహమనే సూత్రం ప్రకారం ఆమెకి ఇరవై రెండేళ్ళకే స్నేహజీవితం అయిపోయినట్టు. కానీ డ్వాక్రా సంఘాలు చూడండి. 1982లో కేంద్రం మొదలుపెట్టిన పథకం, పది పదిహేనుమంది ఆడవాళ్ళతో ఒక గుంపు. పేరుకి పొదుపు, అప్పు. కానీ క్రమం తప్పకుండా ఒకచోట కూర్చోవాలి, ఒకరి అప్పుకి మిగతావాళ్ళు పూచీ పడాలి, కట్టనివాళ్ళ ఇంటికెళ్ళి అడగాలి. అందులోనూ తగాదాలున్నాయి, రాజకీయాలున్నాయి. అయినా పిల్లల తల్లులయ్యాక, మనవలెత్తాక, ఆ సమావేశాల్లో కొత్త స్నేహితురాళ్ళని సంపాదించుకున్న ఆడవాళ్ళు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. వాళ్ళెవరూ వయసైపోయిందని అనుకోలేదు.

మనలాంటి చదువరుల సంగతి మాత్రం చెప్పుకోవాలి. తెలుగు సాహిత్యలోకంలో ఉన్నన్ని ‘మిత్రులు’ మరెక్కడా ఉండరు. ఫేస్‌బుక్ అయిదువేల దగ్గర ఆపకపోతే ఇంకా ఉండేవారు. ‘సాహితీమిత్రులకు’ అని మొదలవని ఆహ్వానపత్రిక లేదు. సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో సభ అయ్యాక భుజాలు తట్టుకుంటాం, సెల్ఫీలు దిగుతాం. సాయాలు కూడా అడుగుతాం: ముందుమాట రాయండి, నాలుగు ముక్కలు సమీక్ష రాయండి. ఇది బాకీ కాదా అంటే కాదు. ఇది వెంటనే సరిపెట్టుకునే వ్యాపారం. నీ పుస్తకానికి నా సమీక్ష, నా పుస్తకానికి నీ ముందుమాట, ఖాతా క్లోజు. ఆ మిత్రుల్లో ఎంతమంది మన పుస్తకం బాగాలేదని మనతో అనగలరు? అన్నాక కూడా ఎంతమంది ఇంటికి భోజనానికి రాగలరు?

* * *

“స్నేహం అడిగితే వస్తుందా? దానంతట అది కుదరాలి” అంటారు. తెలుగులో స్నేహం చేస్తాం, జత కడతాం, నేస్తం కడతాం. తెలంగాణలో సోపతి చేస్తరు. అన్నీ పనిచేసే క్రియలే. దానంతట అది కుదిరే స్నేహం గురించి మన నోటికి పెద్దగా తెలియదు. “అడిగితే కాదంటే?” అంటారు. కాదనొచ్చు. ఎగ్గొట్టొచ్చు కూడా. బడిలో రబ్బరు ఎగ్గొట్టినప్పుడు మర్నాడు బడి మానేశామా? “నాకు నలుగుర్లో కలవడం రాదు” అనేవాళ్ళకి నలుగురు అక్కర్లేదు, ఒకరు చాలు. ముఖపరిచయాలు పనికిరావని కూడా నేననడం లేదు. ఊరంతా పలకరింపులు ఉండటం మంచిదే. వందమందిని స్నేహితుల్ని చేసుకోమని ఎవరూ అడగడం లేదు. ఆ వందలో ఇద్దర్ని, ముగ్గుర్ని దాటించండి అంటున్నాను.

ఎందుకంటే ఆస్పత్రి ఫారంలో ఒక గడి ఉంటుంది: అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి? మన వీధుల్లో ఎంతోమంది అమ్మానాన్నలు ఆ గడిలో న్యూజెర్సీలో ఉన్న కొడుకు నంబరో, మెల్‌బోర్న్‌లో ఉన్న కూతురి నంబరో రాస్తున్నారు. పక్కింటివాళ్ళ నంబరు వాళ్ళ దగ్గర ఉండదు. అడగడానికి మొహమాటం. రేపు ఆ ఫారం నింపాల్సింది మనమే.

కాబట్టి ఎవరైనా “నేను దింపుతాను రండి” అంటే “మీకెందుకండీ శ్రమ” అనకుండా ఎక్కండి. “ఓసారి కలుద్దాం” అన్నవాణ్ణి ఏ రోజు, ఎన్నింటికి అని నిలదీయండి. వారంలో ఒక రోజు ఖాయం చేసుకోండి, మాట్లాడటానికేమీ లేకపోయినా వెళ్ళి కూర్చోండి. పుస్తకం అడగండి, నిచ్చెన అడగండి, సలహా అడగండి. ఈ ఆదివారం ఎవరింటికైనా చెప్పకుండా వెళ్ళండి. చేతిలో స్వీట్ బాక్సు లేకుండా వెళ్ళండి. టీ తాగుతారా అంటే వద్దనకండి. రెండోసారి మీరే అడగండి.